చుక్కల లెక్క

అర్బాబు చేతిల నాలుగు కాయితాలు,
నిండ గడులు.
ఓడలు ఆగి, కరెంటు పోయి,
మస్కట్‌ల దుకాన్లు మూతపడితే
ఏ ఊళ్లె బతుకొచ్చునని
మూడు శుక్రవారాల సంది తిరుగుతున్నం.
బండి నాది. అంకెలేసుడు నాది.
మార్కులు ఆయనయి.
నా పేరు రాజలింగు. రాజా అంటడు.
లింగు దాక ఆయన నోరు తిరుగది.

మొదటి ఊరు సముద్రం పక్కన.
మీటరు ముంచకముందే
బావినీళ్లు నాలిక మీదేసుకుని ఉమ్మేసిన.
తొక్కు జాడి కడిగినట్టున్నయి.
మీటరు గూడ అదే మాటన్నది, జర ఆలిశంగ.

రెండో ఊరికి రోడ్డు మరీ మంచిగున్నది.
అది గూడ తప్పేనట.
మంచి రోడ్డు మీద పట్నం ఆకలి
పొద్దూకకముందే వచ్చి తలుపు కొడ్తదట.
కొట్టేసిండు.

మూడోది యంకుల్ అవతల, కొండ కింద.
కొండ కడుపుల కెల్లి సన్న కాలువ, ఫలజ్ అంటరు,
జానెడు లోతు, మూరెడు ఎడల్పు.
మోటరు లేదు, వైరు లేదు.
ఖర్జూరం నీడల నిమ్మచెట్టు,
నిమ్మ నీడల మేకల గడ్డి,
గడ్డిల ఎవరిదో ఒంటి చెప్పు.

"గంటకు ఎన్ని లీటర్లు?" అర్బాబు అడిగిండు.
కాలువ పెద్దమనిషి ఖల్ఫాన్‌కు లీటర్లు తెలువయి.
ఇక్కడ నీళ్లను పొద్దుతోని పంచుతరు.
పగటీలి పాతిన కట్టె నీడ,
రాత్రి కొండ మీదికి లేచే చుక్కలు.
ఈ చుక్క లేస్తే నీ మడి, ఆ చుక్క లేస్తే నా మడి.
"నీకు ఎన్ని చుక్కలు గావాలె?" అన్నడు.

నాకు నవ్వొచ్చింది.
మా భాషల చుక్కంటే మీదిదీ అదే,
కుండ అడుగున మిగిలిందీ అదే.
మూడో అర్థం గూడున్నది,
ఈ దేశంల అనొద్దు.
ఇద్దరికీ ఎట్ల చెప్పాలె?
చెప్పలే.

"ఎంతమందికి?"
"మేము ఏడుగురం."
ముసలాయన మీసం దువ్వుకుంట చాలాసేపు ఊకున్నడు.
సొరంగంల మట్టి తీయనీకి నడుం ఒంచేదెవరు?
చెట్టెక్కి మగపూత తెచ్చి ఆడచెట్టుకు కట్టేదెవరు?
మేక ఈనలేక అరిసిన రాత్రి కాడ కూసునేదెవరు?
అర్బాబు మాట్లాడలే.
నా దిక్కు చూసిండు, అంతే.

కాయితంల ఆఖరి గడి: పనిమనుషులు.
"ఉన్నరని రాయి, రాజా."
రాసిన.
ఏడుగురిల నేను లేను.
గడిల ఉన్న.

మధ్యాన్నం వాళ్లు మజ్లిస్‌ల కావా తాగంగ
కాలువ గట్టున ఫరూక్‌తోని తిన్న.
చిట్టగాంగ్ పిలగాడు, మోకాళ్ల దాక బురద.
ఎండుచేప, ఉల్లిగడ్డ, సద్దన్నం.
"ఓడలు ఆగితే మనం ఎట్ల పోవాలె భాయ్?" అన్నడు.
చేప ముల్లు తీస్తున్నట్టు చేసిన.

మా అవ్వ కందులకు ఎర్రమన్ను పట్టిచ్చేది.
బీర గింజల్ని బూడిదల కలిపి బుర్రల దాసేది.
అటుక మీద మామిడి ఒరుగులు, చింతపండు ముద్దలు,
పాత చీర పేలికల కట్టిన మెంతులు.
కరువొస్తదని ఎన్నడూ అనలే.
వానలు మంచిగ పడ్డ ఏడాది గూడ అట్లనే చేసేది,
గడులు లేవు, మార్కులు లేవు,
మేము తొమ్మిదిమందిమి, జీతగానితోని పది.
పదో కంచం ముందుగాల పెట్టేది.

పోయేటప్పుడు ఖల్ఫాన్ బండి అద్దం కాడికొచ్చిండు.
"చుక్కలు అమ్మం. వేలం పాడుతం.
అంతకుముందు ఒక ఏడు వచ్చి మట్టి తీయుండ్రి."
అర్బాబు దండం పెట్టినట్టే తల ఊపి
అద్దం ఎక్కిచ్చిండు.

యాభైకి నలభై ఒకటి. ఊరు పాసయింది.
ఇబ్రీ దాటకముందే ఆయన కన్ను మూసుకున్నడు.
డీజిల్ ముల్లు సగంల ఉన్నది,
మస్కట్ దాక సరిపోను మిగులుతది.
అయినా పంపు కాడ ఆపిన.
ఫుల్ చెయ్యిమన్న.
పిలగాడు గొట్టం పెట్టినంకసేపు
మీదికి చూస్కుంట నిలవడ్డ.

నాలిక మీద ఇంకా ఆ కాలువ నీళ్లు,
రాయి వాసన.